దొరసాని వెనక పుల్లయ్య

ఇంకా జానెడు దూరం ఉంది. పుల్లయ్యకి తొందరేమీ లేదు, తొందరంతా నాదే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆవిడ పక్కనుంటే అనేది, కానీ మా ఆవిడ మందుల షాపులో ఆదివారం డ్యూటీకి వెళ్ళింది, పిల్ల, అంటే ఆవిడ కూతురు, వాళ్ళ నాన్న వెంట వెళ్ళింది, ఇంట్లో మిగిలింది నేనూ ఈ రెండు గొల్లభామలూ. ఫ్యాను ఆపేశాను, కిటికీలు మూశాను, చొక్కా వీపుకి అంటుకుపోయింది, ముక్కు మీద చెమటబొట్టు ఒకటి నిలబడి జారాలా వద్దా అని ఆలోచిస్తోంది. పూలకుండీలో పాతిన ఎండుకొమ్మకి పైన తలకిందులుగా వేలాడుతోంది దొరసాని, నా మధ్యవేలంత పొడుగు, లేతాకు రంగు, మూడు రోజులుగా మేపిన పొట్ట బరువుకి కిందికి సాగి, ముందుకాళ్ళు రెండూ గుండెలకి మడుచుకుని. దాని వెనక, కాస్త కింద, పుల్లయ్య. ఎండుపుల్ల రంగు, ఎండుపుల్లంత ఒళ్ళు, ఒంటికంటే పొడుగైన రెక్కలు. పేర్లు పిల్ల పెట్టింది. పేరు పెట్టాక ఇంక పురుగులు అనకూడదని ఇంట్లో అందరికీ ఆంక్ష.

వాడు ఒక కాలు ఎత్తుతాడు. ఎత్తిన కాలు అలాగే ఉంచి అటూ ఇటూ ఊగుతాడు, గాలికి పుల్ల ఊగుతోందని దొరసాని అనుకోవాలి కాబోలు, గాలన్నదే లేని గదిలో. ఆ తల ఇటు తిరిగిందా, ఉన్నవాడు ఉన్నట్టు ఆగిపోతాడు, ఇందాక అలా ఇరవై రెండు నిమిషాలు ఆగాడు, నేను గడియారం చూస్తూనే ఉన్నాను. నా పనల్లా పట్టకారుతో ఒక రెక్కల పురుగుని పట్టుకుని సిద్ధంగా ఉండటం, దొరసాని మరీ వెనక్కి తిరిగితే దాని నోటి ముందు పెట్టడం. తింటున్న నోరు వెనక్కి తిరగదని పిల్ల చెప్పింది. ఆడదానికి ఆకలేస్తే వచ్చినవాడు మొగుడా భోజనమా అని చూడదట, తల దగ్గర మొదలుపెడుతుందట, తల పోయినా మగవాడు మొదలెట్టిన పని ఆపడట, ఇదంతా పిల్ల లెక్కల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది, పధ్నాలుగేళ్ళ పిల్ల నోట ఆ మాటలు వింటూ నేనే గోడకేసి చూశాను. ఒకవేళ తినడం మొదలెడితే విడదీయకండి, గుడ్లు నిలవాలి, అంది, అంటూనే కళ్ళు దించుకుంది. పుల్లయ్యంటే తనకి ఎంత ఇష్టమో నాకు తెలుసు.

ఇవాళ కాకపోతే ఇంక లేదు. పుల్లయ్య దొరసాని కంటే నెల ముందే పెద్దవాడయ్యాడు, మగవాళ్ళకి ఆయుష్షు తక్కువ, నిన్న ఈగ పెడితే మొహం తిప్పుకున్నాడు, వెనక కాలికి కొస ఊడిపోయింది. ఇంకో మగవాడు లేడు. సరిగ్గా ఇవాళే వాళ్ళ నాన్న వస్తానన్నాడు, ఎనిమిది నెలల తర్వాత. ఆయన చెడ్డవాడేం కాదు, నవ్వితే ఎదుటివాళ్ళకీ నవ్వొచ్చే రకం, పై పలువరస చక్కగా ఉంటుంది, నా కంటికి ముందు అదే కనిపిస్తుంది మరి. ఊరికి అవతలి కొసన కొత్త ఇల్లు తీసుకున్నాడట, అందులో పిల్లకి వేరే గదట, తెల్లటి గోడలు, పెద్ద కిటికీ. ఈ రాత్రికి ఉండి చూడు, నచ్చితే వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఇక్కడే ఉండొచ్చు అన్నాడట. నిర్ణయం నీదేనమ్మా అని మా ఆవిడ కూతురితో చెప్పింది, చెప్పి బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని అరగంట బయటికి రాలేదు. ఇక్కడ పిల్లకి గది లేదు, ఈ గదిలో సగం తన మంచం, తన డబ్బాలు, సగం నా పనిబల్ల, నా మైనం, నా పళ్ళు. పొద్దున గుమ్మంలో స్కూటర్ మోగుతుంటే సంచీ భుజాన వేసుకుని వచ్చి పట్టకారు నా చేతిలో పెట్టింది. మీ చేతులు వణకవు కదా, అంది. పెళ్ళయిన ఈ పధ్నాలుగు నెలల్లో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే, పొద్దుట్నుంచి నాలిక కింద పెట్టుకుని చప్పరిస్తున్నాను.

చేతులు వణకవు, నిజమే, వణికితే నా పని సాగదు. కట్టుడుపళ్ళు చేస్తాను, పగలు లాబ్‌లో, మిగిలింది ఇంట్లో, పైకి పధ్నాలుగు, కిందికి పధ్నాలుగు, ఎవరి నోటికో నాకు తెలియదు, డాక్టర్ల దగ్గర్నుంచి అచ్చు వస్తుంది, ప్లాస్టర్ పోసి దవడ తయారుచేసుకుని మైనంలో ఒక్కో పన్నూ అమరుస్తాను, అమర్చేటప్పుడు ఊపిరి ఆపుతాను, ఆపుతున్నట్టు నాకే తెలియదు, మా ఆవిడ చెప్పేదాకా. ఇరవై ఏళ్ళలో నా పళ్ళు వెనక్కి వచ్చింది ఒక్క మనిషి దగ్గర్నుంచే, ఒక పెద్దావిడ, కొరకడానికి కుదరడం లేదని నాలుగుసార్లు వచ్చి నా మొహాన పెట్టి వెళ్ళింది, ఐదోసారి ఓపిక లేక కూతుర్ని పంపింది. ఆ కూతురే మా ఆవిడ. అత్తగారి పళ్ళు కుదరకపోబట్టి నా పెళ్ళి కుదిరిందని లాబ్‌లో ఇప్పటికీ నవ్వుతారు. నలభై మూడేళ్ళకి పెళ్ళేమిట్రా అన్నారు, నాకు పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని ఒక పిల్ల కూడా వస్తుందని తెలుసు, ఆ పిల్ల నన్ను చూసిన చూపు తెలుసు. గొల్లభామ కళ్ళలో ఒక నల్లచుక్క ఉంటుంది, మనం ఎటు కూర్చున్నా అది మన వైపే ఉంటుంది, కోపమూ ఉండదు, స్నేహమూ ఉండదు, వీడు ఎంత దూరంలో ఉన్నాడన్న లెక్క తప్ప.

మొదటి నెలలోనే చేజేతులా చెడగొట్టుకున్నాను. అప్పుడు పిల్ల దగ్గర పదకొండు గొల్లభామ పిల్లలుండేవి, వేలిగోరంత ఉండేవి, ఒక్కోటీ ఒక్కో ప్లాస్టిక్ కప్పులో, పైన వలగుడ్డ. గదిలో దోమలున్నాయని, పిల్లని కుడుతున్నాయని, ఏదో ఒక మంచిపని చేసి మార్కులు కొట్టేద్దామని, తను బడికి వెళ్ళినప్పుడు దోమల మందు మూలమూలలా కొట్టాను, తలుపు కూడా మూశాను, బాగా పనిచెయ్యాలని. సాయంత్రానికి పదకొండూ కాళ్ళు పైకి పెట్టుకుని పడున్నాయి. పిల్ల ఏడవలేదు. తిట్టినా బాగుండేది. కప్పులన్నీ తీసుకెళ్ళి ఒక్కొక్కటీ సబ్బుతో కడిగి బోర్లించింది, నేను తువ్వాలు పట్టుకుని వెనకే నిలబడ్డాను, తువ్వాలు తీసుకోలేదు. ఆ రాత్రి మా ఆవిడ, కావాలని చేశావా ఏంటి, పడుకో, అంది. పడుకుంటే నిద్ర పడుతుందా. తెల్లారాక వీధి చివర పళ్ళకొట్టతని దగ్గర కుళ్ళిన అరటిపళ్ళు అడిగాను, ఈగలు పెంచడానికి అంటే అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.

పిల్ల మళ్ళీ కొత్తవి తెచ్చుకుంది, ఈ పుల్లయ్యా దొరసానీ అలా వచ్చినవే. ఆ తర్వాత నేను నడిచింది పుల్లయ్య నడకే. ఈగల సీసా పిల్ల మంచం కోడు దగ్గర పెట్టి వెళ్ళిపోవడం. లాబ్‌లో మిగిలిన సన్నటి ఇనప జాలీతో కప్పులకి మూతలు చేసి, చేసినట్టు చెప్పకుండా అల్మరాలో పెట్టడం. మర్నాడు చూస్తే మూతలు కప్పుల మీద ఉండేవి, ఎవరు చేశారన్న మాట ఉండేది కాదు. తను తల తిప్పితే నేను ఆగిపోవాలి, నా పని నేను చూసుకుంటున్నట్టు మైనం గోకుతూ ఉండాలి. ఒకరోజు దొరసాని ఆఖరిసారి కుబుసం విడుస్తోంటే, పాత చర్మంలోంచి తడితడిగా జారి వేలాడుతోంటే, వెనక్కి తిరక్కుండానే కాస్త పక్కకి జరిగింది పిల్ల, నాకు కనపడటానికి. అంతే, ఆ జరగడం అంతే. నన్ను ఏమనీ పిలవదు, ఎవరో వచ్చారు, నీళ్ళు అయిపోయాయి, ఇలా గోడతో చెప్పినట్టు చెబుతుంది. ఐనా పిల్లంటే నాకు ప్రాణం. ఈ మాట ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా. ఆ తెల్లగోడల గది తనకి నచ్చుతుంది, ఎందుకు నచ్చదు, నచ్చాలి కూడా, అని పొద్దుట్నుంచి పదిసార్లు అనుకున్నాను, అనుకున్న ప్రతిసారీ తన మంచం వైపు చూశాను.

నాలుగువేళ్ళ దూరం. మీసాలు సాచాడు. సరిగ్గా చూడాలని నా చెయ్యి స్విచ్ నొక్కింది. నేను నొక్కలేదు, చెయ్యి నొక్కింది, చిన్న వస్తువు కళ్ళముందుంటే బల్లదీపం వెయ్యడం ఇరవై ఏళ్ళుగా దానికి అలవాటు, మగవాళ్ళు దీపం చూస్తే ఎగురుతారని పిల్ల చెప్పిందని దానికేం తెలుసు. టప్పున ఎగిరాడు. దీపం డిప్పకి కొట్టుకున్నాడు, మళ్ళీ కొట్టుకున్నాడు, ఆ తర్వాత కనిపించలేదు. దీపం ఆర్పి మోకాళ్ళ మీద పడ్డాను, బల్ల కింద, పళ్ళ ట్రేల మధ్య, ప్లాస్టర్ సంచీ వెనక, అడుగు తీసి అడుగు వెయ్యాలంటే భయం, ఎక్కడ కాలికింద పడతాడోనని. పిల్లకి ఏం చెప్పను. మళ్ళీ నేనే, మళ్ళీ ఏదో మంచి చేద్దామని. నలభై నాలుగేళ్ళవాణ్ణి నేలమీద కూర్చుని ఏడుపు ఆపుకుంటూ మెడ తుడుచుకోబోతే, చెంపకి ఏదో సన్నగా తగిలింది. చొక్కా కాలరు మీద కూర్చుని ఉన్నాడు పుల్లయ్య. అక్కడ్నుంచి నిమ్మకు నీరెత్తినట్టు లోకాన్ని చూస్తున్నాడు.

చేత్తో పడితే కాలు ఊడుతుంది. మెడ వంచి, నడుం వంచి, భుజాన్ని తీసుకెళ్ళి కొమ్మకి ఆనించాను, అలాగే నిలబడ్డాను, నడుం పట్టేసింది, దిగవయ్యా, నీ పెళ్ళికి నేనే పల్లకీనా, అని లోపల్లోపల బతిమాలాను. పావుగంటకి దిగాడు. మళ్ళీ మొదట్నుంచి, ఒక కాలు, ఒక ఊపు. ఈసారి నేను స్టూలు మీద కూర్చుని పట్టకారు తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. దొరసానికి పురుగుని అందించాను, ఆవిడగారు రెండు చేతులతో తీసుకుని మొక్కజొన్న కంకి తిన్నట్టు తింటోంది, పుల్లయ్య పొట్టని కొమ్మకి తాకేలా వంచాడు, ఒక్క దూకు. వీపు మీద పడ్డాడు. దొరసాని ఊగింది, కొమ్మ ఊగింది, నేనూ ఊగాను. రెక్కల మొదళ్ళు గట్టిగా పట్టుకుని, మీసాలతో దాని తలమీద టకటకా కొడుతున్నాడు, నేనే, నేనే, భయపడకు అన్నట్టు, కొడుతూ కొడుతూ ఒళ్ళు పక్కకి వంచి దాని కొసకి తన కొస కలిపాడు. కలిశాయి. ఎవరితోనైనా చెప్పాలనిపించింది, చెప్పవలసిన మనిషి ఊరికి అవతలి కొసన ఉంది.

గంట గడిచిందో లేదో, దొరసానికి తిండి అయిపోయింది. మూతి తుడుచుకుంది, కాళ్ళు నాక్కుంది, ఆ మూడుమూలల తల మెల్లగా తిరగడం మొదలెట్టింది, భుజం మీదుగా, వెనక్కి, పుల్లయ్య మొహంలోకి. పురుగుల సీసా రెండడుగుల అవతల ఉంది, మూత తియ్యడానికి రెండు చేతులు కావాలి. తింటే తిననివ్వండి అంది పిల్ల, ఎలాగూ వారంలో పోయేవాడే, పని జరుగుతూనే ఉంటుంది, అన్నీ తెలుసు. ముందుకాలు లేచింది. నా ఎడమచేతి వేలు మధ్యలోకి వెళ్ళింది. చురుక్కుమంది, రెండు ముళ్ళ కాళ్ళతో వేలిని బిగించి కొస దగ్గర కొరకడం మొదలుపెట్టింది. నోట్లో వేలు పెడితే కొరకలేడని నా గురించి లాబ్‌లో అంటారు, వేలు పెట్టడం మాత్రం బాగానే వచ్చు. వేలి బరువుకి కొమ్మ వంగింది, కుడిచేత్తో దాన్ని ఆపాను, ఇప్పుడు ఏ చెయ్యి తీసినా కొమ్మ ఎగిరిపడుతుంది, ఇద్దరూ విడిపోతారు. నెప్పి మరీ అంతేం కాదు. సూదితో ముల్లు తీస్తున్నంత, కాకపోతే తియ్యడం ఎంతకీ అవదు.

అప్పుడు ఫోన్ మోగింది. పనిబల్ల చివర ఉంది. ఎవరో చూడక్కర్లేదు, పిల్ల ఫోన్ చేస్తే వేరే మోత మోగేలా మా ఆవిడ ఎప్పుడో పెట్టింది, పధ్నాలుగు నెలల్లో నా ఫోన్‌లో ఆ మోత వినడం ఇదే మొదటిసారి. ఏమైనా కావలిస్తే వాళ్ళమ్మకి చేస్తుంది, నాకెందుకు చేస్తుంది. పుల్లయ్య సంగతి అడగడానికై ఉంటుంది. లేకపోతే నేనిక్కడే ఉండిపోతున్నాను, అమ్మకి మీరు చెప్పండి అనడానికి. మెత్తటి మనిషి చేత కబురు పంపించడం తేలిక కదా. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. వేలు లాగేస్తే చాలు, మూడడుగులు వేస్తే చాలు, హలో అనొచ్చు, ఉండమ్మా, నీకు నచ్చితే ఉండు అనొచ్చు, వద్దమ్మా, వచ్చెయ్యి అని కూడా అనొచ్చు, ఏమో నోటికి ఏది వచ్చేదో. మూడోసారి చాలాసేపు మోగింది. నేను కదల్లేదు. తను అప్పజెప్పిన పని ఒక్కటైనా పాడుచెయ్యకుండా చేసి చూపించాలన్న పంతమో, ఆ మాట వినే ధైర్యం లేకపోవడమో, రెండూనేమో. ఆ తర్వాత గదిలో దొరసాని నమిలే చప్పుడే.

ఎంతసేపో తెలియదు. వీధిలో స్కూటర్ ఆగి, ఇంజను ఆపకుండానే మళ్ళీ వెళ్ళిపోయిన చప్పుడు. తాళంచెవి తిరిగింది. చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా, గోడవారగా నడిచి వచ్చింది పిల్ల. రేపు రావలసిన మనిషి. సంచీ భుజాన అలాగే ఉంది. ముందు కొమ్మని చూసింది, తర్వాత నా వేలిని, తర్వాత నన్ను. సీసా మూత తీసి, పురుగుని పట్టకారుతో అందుకుని దొరసాని మీసాల ముందు ఆడించింది. ఆవిడగారు కాస్త ఆలోచించుకుని నన్ను వదిలింది. పిల్ల నా చేతి కింద తన చెయ్యి పెట్టి కొమ్మని అందుకుంది, అంగుళం అంగుళం చొప్పున పైకి వదిలింది. పైనవాళ్ళకి ఏమీ తెలియలేదు. నా వేలి కొసన చర్మం లేచిపోయి ఎర్రగా చుక్క నిలబడింది.

"కొరుకుతోంటే తియ్యలేదా?"

"తీస్తే విడిపోతారని."

"తింటే తిననివ్వమన్నాను కదా."

"అన్నావు."

దీపం సంగతి కూడా చెప్పేశాను, కాలరు మీద కూర్చున్న సంగతితో సహా, చెప్పకపోతే తనకి తెలిసేది కాదు, ఐనా చెప్పాను, పదకొండు కప్పుల తర్వాత ఈ ఇంట్లో నేను దేన్నీ దాచదలుచుకోలేదు. పిల్ల వింది. నవ్వొచ్చినట్టుంది, పెదాలు లోపలికి మడుచుకుంది. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తకపోతే ఏదో అయిందనుకున్నాను, అంది. వీటికా, అన్నాను. పిల్ల సంచీలోంచి రుమాలు తీసి నా వేలికి చుట్టింది, పుస్తకానికి అట్ట వేసినంత శ్రద్ధగా. ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. పుల్లయ్య పట్టు వదల్లేదు, తలా ఉంది, మీసాలూ ఉన్నాయి.

అక్కడి సంగతి అడగబోయి ఆగాను. గది బాగుంది, అని తనే అంది కాసేపటికి, కొమ్మవైపే చూస్తూ. కిటికీ పెద్దది, చెట్లు కనిపిస్తాయి, నాన్న బల్ల కూడా కొన్నాడు. మంచిదమ్మా, అన్నాను. నిజంగానే అన్నాను, ఆ పిల్లకి పెద్ద కిటికీ ఉండాలి, ఇక్కడ నా ప్లాస్టర్ దుమ్ములో తుమ్ముకుంటూ ఎందుకు, ఆ మాట అంటూంటే మాత్రం కళ్ళు మండాయి, చెమట అనుకుంటుందిలే అని తుడుచుకోలేదు. దొరసాని పురుగు రెక్కలు కిందికి రాల్చింది.

"గుడ్లు పెట్టాక ఆరు వారాలకి పిల్లలొస్తాయి," అంది. "నూటయాభై దాకా రావచ్చు. వెంటనే వేరు చెయ్యకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి. అన్నీ కప్పుల్లో వెయ్యాలి, రోజూ ఈగలు పెట్టాలి. నా ఒక్కదాని వల్ల కాదు."

నేను ఊఁ అన్నాను.

"మీరు లాబ్‌లో సెలవు పెట్టాలి."

ఆరు వారాలు. నాకు లెక్కలు అంత తొందరగా రావు, రుమాలు చుట్టిన వేలితో మోకాలి మీద వారాలు లెక్కపెట్టుకున్నాను, ఒకటి, రెండు, ఒకటో తారీఖు దాటిపోయింది, ఆ తర్వాత ఇంకా చాలా వారాలు మిగిలాయి, తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను. అవి బెదురుతాయని ముక్కు కూడా ఎగబీల్చలేదు.

"వారం రోజులు అడగనా?" అన్నాను.

పిల్ల కొమ్మవైపు చూస్తూ ఆలోచించింది.

"చాలదు," అంది. "పది రోజులు అడగండి."